అగ్రపీఠం చేయి ఎంత దూరం అందుతుంది?

మా పెద్దమ్మ కొడుకు రాయలసీమలోని ఒక పల్లెలో ఉపదేశి. ఫాదర్ గారు నెలకు రెండుసార్లు వచ్చే ఆ ఊళ్ళో మిగిలిన ఆదివారాలు వాక్యం చదివేదీ, పిల్లలకు జపాలు నేర్పేదీ, చావు జరిగిన ఇంటికి అందరికంటే ముందు వెళ్ళేదీ ఆయనే. ఊరి పేరు, మేత్రాసనం (ఒక బిషప్ గారి పాలన కింద ఉండే ప్రాంతం) పేరు ఇక్కడ రాయను. అన్న పేరును కూడా మార్చి శౌరయ్య అని రాస్తున్నాను. 2023 వానాకాలం మొదట్లో ఆయన నాకు ఫోన్ చేశాడు. వాళ్ళ గుడి నాపరాళ్ళ మిద్దె. రెండు రాళ్ళ నడుమ సున్నం ఊడిపోయి, వాన పడినప్పుడల్లా నీళ్ళు సరిగ్గా బలిపీఠం మీదనే కారుతున్నాయి. బలిపీఠమంటే అక్కడ ఒక కొయ్య బల్ల. పూజ వేళకు దాన్ని రెండడుగులు పక్కకు జరిపి, మిద్దె మీద ఖాళీ ఎరువుల సంచులు కుట్టి పరుస్తున్నారట. మరమ్మతు కోసం రాసిన అర్జీకి రెండేళ్ళుగా వస్తున్న జవాబు ఒక్కటే, "కొత్త బిషప్ గారు వచ్చినాక చూద్దాం" అని.

"నువ్వు హైదరాబాదులోనే ఉండావు గదా తమ్ముడూ, కార్డినల్ గారికి ఒక అర్జీ రాసి ఇచ్చిరా. మన సీమ మనిషే గదా ఆయన. ఒక్క మాట జెప్తే అయిపోదూ?" అన్నాడు.

ఆయన చెప్పింది హైదరాబాదు అగ్రపీఠాధిపతి, కార్డినల్ పూల అంతోని గారి గురించి. కాదని చెప్పడానికి నాకు ఆ రోజు అరగంట పట్టింది. ఆయన నమ్మలేదు. మా కతోలికుల్లో చాలామంది నమ్మరు కూడా. అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) అంటే కలెక్టర్ల మీద చీఫ్ సెక్రటరీ లాంటివారనీ, కింద ఉన్న మేత్రాణులంతా (బిషప్పులంతా) ఆయన చెప్పినట్టు నడుచుకుంటారనీ మనవాళ్ళ లెక్క. ఆ లెక్క ఎందుకు తప్పో, తప్పయినా జనం దాన్ని ఎందుకు వదలరో రాయాలని అప్పటి నుంచి అనుకుంటూనే ఉన్నాను.

1983 నాటి శ్రీసభ (కతోలిక చర్చి) చట్టం అగ్రపీఠాధిపతికి తన సొంత అగ్రపీఠం మీద పూర్తి అధికారం ఇచ్చింది. చుట్టూ ఉన్న అనుబంధ మేత్రాసనాల విషయంలో మాత్రం ఆయనకు మిగిల్చింది చాలా కొద్ది. విశ్వాసమూ క్రమశిక్షణా సరిగ్గా సాగుతున్నాయో లేదో కనిపెట్టి ఉండాలి. ఏదైనా తప్పు కనబడితే పోపుగారికి తెలియజేయాలి. ఒక పీఠాధిపతి (బిషప్) తన మేత్రాసనాన్ని సందర్శించడం మానేస్తే, రోము అనుమతి తీసుకుని ఆ పని తాను చేయవచ్చు. పీఠం ఖాళీ అయినప్పుడు అక్కడి గురువుల (ఫాదర్ల) సలహా మండలి 8 రోజుల్లోగా పాలనాధికారిని ఎన్నుకోకపోతే, ఆ పాలనాధికారిని తాను నియమించవచ్చు. ఇంతకు మించి ఆ మేత్రాసనాల్లో ఆయనకు పాలనాధికారం లేదని చట్టం విడమరచి చెబుతుంది. పక్క మేత్రాసనం ప్రధాన దేవాలయంలో పూజ చేయాలన్నా ముందుగా అక్కడి పీఠాధిపతికి కబురు పెట్టాలి. పదవికి గుర్తుగా మెడ చుట్టూ వేసుకునే గొర్రెపిల్ల ఉన్నితో నేసిన తెల్ల పట్టీని సైతం తన ప్రావిన్సు (అగ్రపీఠం, దాని అనుబంధ మేత్రాసనాలు కలిసిన ప్రాంతం) ఎల్లలు దాటి ధరించడానికి వీల్లేదు. బోధించే పనిలోనూ గౌరవంలోనూ ఆయనది పెద్ద స్థానమే కానీ, ఆయన సంతకం పక్క మేత్రాసనంలో చెల్లదు.

హైదరాబాదు విషయంలో ఈ ఎల్లల కథ మరీ చిక్కుగా ఉంటుంది. 1851లో మద్రాసు నుంచి వేరుపడి అపోస్తలిక వికారియేటుగా (మేత్రాసనానికి ముందు మెట్టుగా), 1886లో మేత్రాసనంగా, 1953 సెప్టెంబరు 19న అగ్రపీఠంగా ఎదిగిన చోటు ఇది. మిలాను నుంచి వచ్చిన ఇటలీ గురువులు తరాల తరబడి నడిపిన మిషను. సికింద్రాబాదు సెయింట్ మేరీస్, గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్ దేవాలయం, అబిడ్స్ చుట్టుపక్కల బడులు ఆ కాలపు ఆనవాళ్ళు. చాలాకాలం తెలుగు నేలంతటికీ ఇదొక్కటే అగ్రపీఠం. 2001లో విశాఖపట్నం రెండో అగ్రపీఠమైనప్పుడు ఏలూరు, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, శ్రీకాకుళం అటు వెళ్ళాయి. కర్నూలు, కడప మాత్రం వరంగల్లు, ఖమ్మం, నల్గొండలతో కలిసి హైదరాబాదు కిందే ఉండిపోయాయి. రాష్ట్రం 2014లో విడిపోయింది కానీ శ్రీసభ గీత మారలేదు. కాబట్టి రాయలసీమ కతోలికులకు ముఖ్యమంత్రి ఒక రాష్ట్రంలో, అగ్రపీఠాధిపతి మరో రాష్ట్రంలో. బడుల గుర్తింపు, భూముల దస్తావేజులు, మైనారిటీ పథకాలు ఏ ప్రభుత్వంతో మాట్లాడాలన్నా ఒకే ప్రావిన్సులోని పీఠాధిపతులు రెండు సచివాలయాల మెట్లెక్కుతున్నారు. నా మటుకు నాకు ఈ అమరికలో మంచే ఎక్కువ కనిపిస్తుంది. సీమవాళ్ళను తమవాళ్ళనుకునే వ్యవస్థ హైదరాబాదులో ఒక్కటన్నా మిగిలింది.

ఇక ఖాళీ పీఠాల సంగతి. కడప పీఠం 2018 డిసెంబరులో ఖాళీ అయింది. అక్కడ కొత్త పీఠాధిపతి నియామకం జరిగింది 2025 మార్చిలో. కర్నూలు పీఠాధిపతిగా ఉన్న పూల అంతోని గారిని 2020 నవంబరులో హైదరాబాదుకు నియమించారు. ఆయన వదిలిన కుర్చీలోకి కార్మెల్ సభకు చెందిన గోరంట్ల జ్వాన్నేస్ గారు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. నల్గొండ 2021లో ఖాళీ అయి 2024లో నిండింది. అంటే 2022 ఆగస్టు 27న రోములో అంతోని గారి తలకు ఎర్ర టోపీ పెట్టి, తెలుగువారిలో తొలి కార్డినల్ అని మనమంతా బాణసంచా కాల్చిన రోజున, ఆయన ప్రావిన్సులో కనీసం మూడు పీఠాలు పీఠాధిపతి లేకుండా ఉన్నాయి.

ఎందుకింత ఆలస్యం అంటే, నియామకం జరిగే దారే అంత పొడవు. ప్రావిన్సు పీఠాధిపతులు కనీసం మూడేళ్ళకోసారి కూర్చుని, తగినవారనుకున్న గురువుల పేర్లతో రహస్యంగా జాబితా తయారుచేస్తారు. ఒక పీఠం ఖాళీ అయినప్పుడు ఢిల్లీలోని పోపుగారి రాయబారి విడిగా విచారణ జరిపి, కొందరు గురువులకు, అవసరమనుకుంటే కొందరు గృహస్థులకు కూడా రహస్యంగా ఉత్తరాలు రాసి, అగ్రపీఠాధిపతి అభిప్రాయం తీసుకుని, మూడు పేర్లు రోముకు పంపుతారు. మన ప్రాంతపు పీఠాలు ఇప్పటికీ సువార్త వ్యాప్తిని చూసే రోము విభాగం పరిధిలోనే ఉన్నాయి కనుక కాగితం అక్కడ ఆగి, ఆపైన పోపుగారి బల్ల మీదికి చేరుతుంది. ఈ దారిలో ఒక ఆకాశరామన్న ఉత్తరం పడిందంటే పరిశీలన మళ్ళీ మొదటికొస్తుంది. మన దగ్గర అలాంటి ఉత్తరాలకు కరువు లేదు. వాటిలో సగం కులం చుట్టూ తిరిగేవేనని ఏ ఫాదర్ గారిని కదిపినా చెబుతారు, గొంతు తగ్గించి.

పీఠం ఖాళీగా ఉన్నప్పుడు ఏమవుతుందో చట్టంలో ఒక చిన్న వాక్యం చెబుతుంది. ఆ కాలంలో కొత్తగా ఏదీ మార్చకూడదు. రాబోయే పీఠాధిపతి చేతులు కట్టేయకూడదనే మంచి ఉద్దేశంతో పెట్టిన నియమం అది. ఆరు నెలలకైతే అది జాగ్రత్త అనిపించుకుంటుంది. ఆరేళ్ళకైతే ఆఫీసులో ఎవరూ ఏదీ తేల్చకపోవడానికి అదే సాకు అవుతుంది. మిద్దెకు సున్నం వేయించడాన్ని ఏ చట్టమూ ఆపదని నాకు తెలుసు, ఆ ఆఫీసువాళ్ళకూ తెలుసు. అయినా తేల్చవలసిన మనిషి లేని చోట ప్రతి కాగితమూ పెద్ద నిర్ణయంలాగే కనబడుతుంది.

దీన్నంతటినీ వ్యక్తుల మీద కోపంగా మార్చడం సులువు. హైదరాబాదు పీఠం చరిత్ర చూస్తే మాత్రం, ఆ కుర్చీ ఎక్కినవారికి అధికారం కంటే ఇరకాటమే ఎక్కువ దక్కిందనిపిస్తుంది. తొలి అగ్రపీఠాధిపతి గోపు గారు 1971 వరకు, ఆ తర్వాత అరుళప్ప గారు 2000 వరకు ఉన్నారు. ఆ ఏడాది జనవరిలో మారంపూడి జోజి గారు వచ్చారు. దేశంలో ఒక దళితుడు అగ్రపీఠాధిపతి కావడం అదే మొదలు. ఆ నియామకం మీద లేచిన వాదం పత్రికలకెక్కింది. ఆయన పదేళ్ళు ఆ కుర్చీలో ఉండి, 2010 ఆగస్టు 27న కన్నుమూశారు. సరిగ్గా పన్నెండేళ్ళకు అదే తేదీన మరో దళితుడు, అదే పీఠం నుంచి వెళ్ళి కార్డినల్ అయ్యారు. రోములో తేదీలు పెట్టినవారికి ఈ సంగతి తెలిసి ఉండదు. మా ఇంట్లో మాత్రం అమ్మ ఆ పొద్దున క్యాలెండరు చూసి, "జోజి గారి ఆబ్దికం కూడా ఈ దినమే" అంది.

వీరిద్దరి మధ్య తుమ్మ బాల గారు, వరంగల్లు నుంచి వచ్చి, 2011 నుంచి 2020 వరకు నడిపారు. అంతోని గారిది ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న చిందుకూరు. ఏడో తరగతి తర్వాత పేదరికం వల్ల చదువు ఆగిపోతే మిషనరీలు చేరదీసి కడపలో చదివించారు. 2025 మేలో పోపుగారిని ఎన్నుకున్న 133 మంది కార్డినళ్ళలో ఆయన ఒకరు. లియో 14 గారికి పడిన ఓట్లలో మన చిందుకూరు ఓటు ఉందో లేదో ఎవరూ చెప్పరనుకోండి, ఆ రహస్యం దాస్తామని ప్రమాణం చేశారు కదా.

కులం సంగతి పక్కన పెట్టి తెలుగు కతోలిక నాయకత్వం గురించి రాయడం సాధ్యం కాదు. మన విశ్వాసం రెండు దారుల్లో వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దపు తొలి ఏళ్ళలో కర్ణాటక మిషను జేసు సభ (జెసూట్) గురువుల చేత జ్ఞానస్నానం పొందిన రెడ్డి కుటుంబాలు, ఆ తర్వాత కలిసిన కమ్మవారు ఒక దారి. ఒక శతాబ్దానికి పైగా గడిచాక, కరవు కాలాల్లోనూ ఆ పిమ్మటా, వాడలకు వాడలుగా వచ్చిన మాల, మాదిగ కుటుంబాలు రెండో దారి. మొదటివారికి భూమీ, గురువుల వరుసా ముందే ఉన్నాయి. రెండోవారికి సంఖ్య ఉంది. గురువిద్యాలయాలు నిండింది చాలాకాలం మొదటివారితోనే. 2016 డిసెంబరులో భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య దళిత సాధికారత విధానం విడుదల చేస్తూ, దేశంలోని కోటీ 90 లక్షల కతోలికుల్లో కోటీ 20 లక్షల మంది దళితులేననీ, పైమెట్ల మీద మాత్రం వారు అరుదనీ, శ్రీసభలో అంటరానితనం పాటింపు ఇంకా ఉందనీ తానే రాసి ఒప్పుకుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో అప్పటి కడప పీఠాధిపతిని దారికాచి ఎత్తుకుపోయి, కొట్టి వదిలిపెట్టారు. ఆ కేసులో అరెస్టయినవారిలో ఫాదర్లు కూడా ఉన్నారు. ఒక మేత్రాసనంలో గురువులకూ పీఠాధిపతికీ మధ్య మాట అంత దూరం పోయిన తర్వాత, అక్కడ కూర్చోవడానికి తగిన మనిషిని వెతకడానికి రోముకు ఆరేళ్ళు పట్టడంలో ఆశ్చర్యమేమీ లేదు.

రెండు పేర్ల సంగతి కూడా దీనికి ముడిపడే ఉంది. మా అన్న జ్ఞానస్నానం రిజిస్టరులో శౌరయ్య. శౌరి అంటే ఫ్రాన్సిస్ జేవియర్ గారే. రాయప్ప, చిన్నప్ప, అరుళప్ప, ఇన్నయ్య, జోజి, మా పాత కతోలిక పేర్లన్నీ ఇలా దక్షిణం నోళ్ళలో నానినవే. మండలాఫీసు కాగితాల్లో మాత్రం అన్న పేరు వేరు. ఆ పేరు వింటే మీకు వేంకటేశ్వరస్వామి గుర్తుకొస్తారు. దానికి కారణం 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు. ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసి, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచిన ఆ ఉత్తర్వు క్రైస్తవులకు, ముస్లిములకు ఇప్పటికీ తెరవలేదు. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ క్రైస్తవులైన ఎస్సీలకు మిగిలింది బీసీ సి గ్రూపులో 1 శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మతపరమైన అడ్డు తీసేయమంది. 2022 అక్టోబరులో అదే ప్రశ్న మీద బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టర్ పెట్టిన ఎస్సీ ఎస్టీ అత్యాచారాల కేసును, ఆయన క్రైస్తవుడిగా జీవిస్తున్నారు గనుక ఆ చట్టం వర్తించదంటూ కొట్టివేసింది. ఆ తీర్పు వచ్చిన వారం మా ఊళ్ళలో గుడికి వచ్చిన జనం పలచబడ్డారు. ఎవరూ కారణం అడగలేదు, చెప్పలేదు.

ఇది నాయకత్వానికి ఎంత పెద్ద చిక్కో ఆలోచించండి. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ క్రైస్తవులు 1.34 శాతం. విచారణల (ఒక్కో ఫాదర్ గారి కింద ఉండే స్థానిక సంఘాల) రిజిస్టర్లు తిరగేసిన ఏ గురువూ ఆ అంకెను నమ్మరు. తన మందలో ఎందరున్నారో బయటికి చెప్పలేని కాపరి, ఆ మంద హక్కుల కోసం ప్రభుత్వం ముందు ఏ లెక్క పట్టుకుని నిలబడతారు? గట్టిగా మాట్లాడితే ఇంతకాలం రెండు పేర్లతో నెట్టుకొస్తున్న కుటుంబాల మీదికి దర్యాప్తు వస్తుంది. మాట్లాడకపోతే, దళిత కార్డినల్ వచ్చి ఏం లాభమని ఆ కుటుంబాల పిల్లలే అడుగుతారు. ఏటా ఆగస్టు 10న నల్ల బ్యాడ్జీలు పెట్టుకోవడం మాత్రం తప్పకుండా జరుగుతోంది.

డబ్బు మాట క్లుప్తంగా చెబుతాను. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించి, ఒక సంస్థకు వచ్చిన సొమ్మును మరో సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించారు, పాలనా ఖర్చుల పరిమితిని 50 నుంచి 20 శాతానికి దించారు. మేత్రాసనపు సాంఘిక సేవా సంస్థ పేరుతో తెచ్చి, పల్లెల్లోని చిన్న సంఘాలకు పంచే పాత పద్ధతి అంతటితో తెగిపోయింది. ఇటలీ, జర్మనీల మీద ఆధారపడి నడిచిన విచారణలు ఇప్పుడు కానుక పళ్ళెం మీద బతకాలి. మా అన్న గుడిలో ఆదివారం కానుక వంద రూపాయలు దాటితే అది పండగ కింద లెక్క. మరోపక్క, మన తెలుగు ఫాదర్లు ఎందరో అమెరికాలోనూ యూరపులోనూ విచారణలు చూస్తున్నారు. అక్కడి నుంచి ఒక్కో ఫాదర్ గారు తన సొంత ఊరికి గుడి కట్టిస్తారు. ఎవరూ విదేశానికి వెళ్ళని ఊళ్ళో మిద్దె కారుతూ ఉంటుంది.

హైదరాబాదు నగరంలోనే మరో కొత్త పరిస్థితి కూడా ఉంది. 2017 అక్టోబరులో సీరో మలబారు సంప్రదాయం (కేరళ కతోలికుల తూర్పు పూజాక్రమం) వారికి శంషాబాద్ కేంద్రంగా ప్రత్యేక పీఠం ఏర్పడింది. ఒకే నగరంలో ఒకే పోపుగారి కింద రెండు పీఠాలు, రెండు పూజాక్రమాలు. కేరళ నుంచి వచ్చిన నర్సులు, ఐటీ ఉద్యోగులు, వాళ్ళ పిల్లలు ఇంతకాలం మన విచారణల పాటల బృందాలకూ సండే స్కూళ్ళకూ ఆధారంగా ఉన్నారు. వాళ్ళు తమ గుళ్ళకు వెళ్ళడం న్యాయమే, తల్లి భాషలో జపించుకోవాలని ఎవరికుండదు? మా విచారణలో మాత్రం కీబోర్డు వాయించే అబ్బాయి వెళ్ళిపోయాక ఏడాది పాటు ఉత్త చప్పట్లతోనే పాడుకున్నాం.

ఇవన్నీ చూశాక నా అభిప్రాయం ఒకటి చెబుతాను. చట్టం ఇవ్వని అధికారం అగ్రపీఠాధిపతికి లేదన్నది నిజమే. కానీ చట్టం అడ్డుపడని పనులు కొన్ని ఉన్నాయి. ప్రావిన్సులోని పీఠాధిపతులను ఏటా ఒకసారి ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఏ మేత్రాసనంలో ఏ కులం నుంచి ఎందరు గురువులున్నారో, పెద్ద విచారణలు, బడులు ఎవరి చేతుల్లో ఉన్నాయో కాగితం మీద పెట్టి చూడమనవచ్చు. ఖాళీ పీఠాల ఆస్తుల లెక్కలు ఆ ప్రావిన్సు జనానికి చూపించమని అడగవచ్చు. అంతోని గారికి 75 ఏళ్ళు నిండేది 2036 నవంబరులో. అప్పుడే కదా రాజీనామా సమర్పించాల్సింది. ఆయనకు ముందున్న ఇద్దరికీ పదేసి ఏళ్ళు మాత్రమే దక్కాయి. ఈయనకు దాదాపు పదహారు ఏళ్ళ గడువు దొరికింది. దానిలో మూడో వంతు అయిపోయింది.

అన్న సంగతికొస్తే, వాళ్ళ మేత్రాసనానికి చివరికి కొత్త మేత్రాణులు వచ్చారు. పిల్లలకు భద్రమైన అభ్యంగనం (విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) ఇవ్వడానికి వస్తున్నారని తెలిసి, మళ్ళీ అర్జీ రాద్దామని అన్న ఫోన్ చేశాడు. ఈసారి నేనే డ్రాఫ్టు రాసి వాట్సాప్‌లో పంపాను. మిద్దె కొలతలు, కారే చోటు, మేస్త్రీ చెప్పిన అంచనా, ఊరివాళ్ళు పోగుచేసిన సొమ్ము, అన్నీ రాశాను. కాసేపటికి తిరిగి ఫోన్ వచ్చింది.

"అంతా బాగానే ఉంది తమ్ముడూ. కింద సంతకం ఏ పేరుతో పెట్టమంటావు?"

శౌరయ్య అని పెట్టమన్నాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. పంచాయతీ తీర్మానం నకలు, కరెంటు బిల్లు కూడా అర్జీకి జతచేస్తున్నారట. వాటి మీద ఉన్నది రెండో పేరు. చివరికి అర్జీ మీద ఏ సంతకమూ పెట్టలేదు. "ఇట్లు, గ్రామ విశ్వాసులు" అని రాసి, కింద అందరి చేతా వేలిముద్రలు వేయించాడు.